ఎయిర్‌సాఫ్ట్ జపాన్‌లోనే ఎందుకు పుట్టింది? పాత మారుయి ఎంపీ5 కొనేముందు ఏం చూడాలి?

గోదారిగట్టు (ప్రశ్న):

నమస్తే అండీ. రెండు విషయాలు అడగాలి, ఒకదానితో ఒకటి ముడిపడినవే.

ఎయిర్‌సాఫ్ట్ గన్ (గాలితో చిన్న ప్లాస్టిక్ గుండు వదిలే ఆట తుపాకి) ఏ దేశంలో తయారైనా, దాని విడిభాగాల దగ్గర "మారుయికి సరిపోతుంది" అని రాసి ఉంటుంది, అంటే జపాన్ కంపెనీ టోక్యో మారుయి గన్లకి. వెర్షన్ 2, వెర్షన్ 3 గేర్‌బాక్సులు, 6 మి.మీ. బీబీలు (ప్లాస్టిక్ గుళ్ళు), హాప్-అప్ (బీబీని తిప్పి దూరం పంపే రబ్బరు ఏర్పాటు), అన్నీ జపాన్ లెక్కలే. తుపాకులంటే ఎవరికైనా అమెరికా గుర్తొస్తుంది. మామూలు మనిషికి పిస్టల్ దొరకని జపాన్‌లో ఈ ఆట ఎలా మొదలైంది? అక్కడినుంచి బయటికి ఎలా పాకింది?

రెండోది. ఇక్కడ డాలస్‌లో ఒకాయన 1990లలో జపాన్‌లో కొన్న టోక్యో మారుయి ఎంపీ5ఏ4 (ఎంపీ5 సబ్‌మెషిన్ గన్‌కి ఎయిర్‌సాఫ్ట్ నకలు) అమ్మకానికి పెట్టారు. బ్యాటరీ లేదు, చాలా ఏళ్ళుగా అట్టపెట్టెలోనే ఉందట. కొనేముందు ఏం పరీక్షించాలి, కొన్నాక ముందు ఏం మార్చాలి? గేర్‌బాక్స్ ఇంతవరకు విప్పలేదు, స్క్రూడ్రైవర్ పట్టడం మాత్రం వచ్చు.

టోక్యో_తెలుగు:

మీ మొదటి ప్రశ్నలోనే జవాబు కూడా ఉంది. పిస్టల్ దొరకదు కాబట్టే అక్కడ పుట్టింది.

జపాన్‌లో తుపాకులు, కత్తుల నియంత్రణ చట్టం 1958లో వచ్చింది. వేటకి షాట్‌గన్, రైఫిల్ లైసెన్సు మీద దొరుకుతాయి గానీ పిస్టల్ దాదాపు అసాధ్యం. సరదా ఉన్నవాళ్ళకి మిగిలింది మోడల్ గన్. ఎంజీసీ లాంటి కంపెనీలు 1960ల నుంచే లోహంతో అచ్చం అసలుదానిలా చేసేవి. లోపల ప్రతి భాగం కదులుతుంది, విప్పి మళ్ళీ బిగించుకోవచ్చు, కానీ గుండు బయటికి రాదు. వాటిని చూపించి బెదిరించే నేరాలు పెరిగేసరికి 1971లో చట్టం మార్చారు. లోహపు పిస్టల్ మోడల్ అయితే ఒళ్ళంతా తెలుపో పసుపో ఉండాలి, బారెల్ మూసేయాలి. 1977లో లోహం గట్టిదనం మీద, లోపలి నిర్మాణం మీద ఇంకా బిగించారు. నల్ల పిస్టల్ కావాలంటే ప్లాస్టిక్కే గతి. తయారీదారులు ప్లాస్టిక్ అచ్చుల్లో ఆరితేరింది ఈ ఒత్తిడి వల్లే.

ప్లాస్టిక్ మోడల్ చేతిలో ఉన్నాక, లోపల స్ప్రింగు, చిన్న పిస్టన్ పెట్టి గాలితో ప్లాస్టిక్ గుండు వదిలితే ఎలా ఉంటుందన్న ఆలోచన దగ్గరే ఉంది. 1970ల నుంచి 80ల మొదటివరకు అలాంటివి చాలా వచ్చాయి. ఫొటోగ్రాఫర్, తుపాకుల పత్రికల రచయిత ఇచిరో నగాతా పేరు ఈ సందర్భంలో తరచూ వినిపిస్తుంది. మనిషిని తాకినా గాయం కాని "మెత్తటి గాలి తుపాకి" అన్న భావాన్ని జనంలోకి తీసుకెళ్ళినవాళ్ళలో ఆయన ముఖ్యుడు. అప్పట్లో గుండు ఆకారం కూడా ఒకే రకం కాదు. మన డమరుకంలా నడుము సన్నగా ఉండేవి కొన్ని, గుండ్రటివి కొన్ని. చివరికి 6 మి.మీ. గుండ్రటి బీబీ నిలబడింది. ఏ వైపుకి తిరిగినా ఒకే ఆకారం కాబట్టి మ్యాగజైన్‌లో వందలకొద్దీ పోసినా ఇరుక్కోదు.

తర్వాతి మెట్టు గ్యాస్, ఇక్కడ కాస్త ఆగాలి. 1980లలో వాడింది ఫ్రీయాన్ 12 అనే గ్యాస్. జేఏసీ కంపెనీ ఆటోమేటిక్ గన్లకి వీపున ట్యాంకు తగిలించుకుని, ట్యూబు గన్‌లోకి పెట్టి కాల్చేవాళ్ళు. రెండు చిక్కులు. ద్రవం ఆవిరయ్యేటప్పుడు టిన్ను చల్లబడి ఒత్తిడి పడిపోతుంది, కాబట్టి గుక్క తిప్పుకోకుండా కాలిస్తే పవర్ తగ్గుతుంది. చలికాలంలో మరీ ఘోరం. ఇప్పుడు జపాన్‌లో వాడే హెచ్‌ఎఫ్‌సీ-134ఏ గ్యాస్ సంగతి చూడండి. 20 డిగ్రీల దగ్గర దాని ఒత్తిడి సుమారు 5.7 బార్, సున్నా డిగ్రీల దగ్గర 2.9 బార్. అంటే సగం. రెండో చిక్కు ఓజోన్ పొర. మాంట్రియల్ ఒప్పందం ప్రకారం 1995 చివరికల్లా ధనిక దేశాల్లో ఫ్రీయాన్ 12 తయారీ ఆగిపోవాల్సి వచ్చింది.

సరిగ్గా ఆ మధ్యలో, 1991లో, టోక్యో మారుయి ఫామాస్ (ఫ్రెంచి రైఫిల్ నకలు) వచ్చింది. గ్యాస్ లేదు, ట్యూబు లేదు. బ్యాటరీ, మోటారు, మూడు గేర్లు, పిస్టన్. మారుయి 1965 నాటి బొమ్మల కంపెనీ, 80లలో రిమోట్ కార్లు కూడా చేసింది. ఆ కార్ల లోకంలోని వస్తువులే ఇందులోకి వచ్చాయి. 1.2 వోల్టుల నికెల్-కాడ్మియం సెల్స్ ఏడు కలిపితే 8.4 వోల్టులు. బ్యాటరీ కనెక్టరు ఇవాళ్టికీ టామియా రకమే, అది కూడా రిమోట్ కార్లదే. చలిలో పనిచేస్తుంది, ఆపకుండా కాల్చినా పవర్ పడదు, రీచార్జ్ చేసుకుంటే ఖర్చు బీబీలకే. మూడు నాలుగేళ్ళలో ఎం16, ఎంపీ5, ఏకే వరసగా వచ్చేశాయి. వీపున గ్యాస్ ట్యాంకుతో నడిచే గన్లకి అక్కడితో కాలం చెల్లింది.

ఇంకో మాట. పెయింట్‌బాల్ 1981లో అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో, పశువులకీ చెట్లకీ గుర్తులు వేసే రంగు పిస్టళ్ళతో మొదలైంది. అక్కడ దెబ్బ తగిలితే రంగు అంటుకుంటుంది, వాదన ఉండదు. బీబీ ఏ గుర్తూ వదలదు. తగిలినవాడే "హిట్" అని చెయ్యెత్తి బయటికి నడవాలి. జపాన్‌లో సర్వైవల్ గేమ్ పేరుతో నడిచే ఆట మొత్తం ఆ ఒక్క నిజాయితీ మీదే నిలబడి ఉంది. ఎక్కడికెళ్ళి ఆడినా మొదట నేర్చుకోవాల్సింది గురి కాదు, ఇది.

గేర్‌పెట్టె:

పై జవాబుకి యంత్రం వైపు నుంచి కొంత కలుపుతాను, ఎంపీ5 సంగతి కూడా దీంతోనే తేలుతుంది.

ఆటోమేటిక్ ఎలక్ట్రిక్ గన్‌లో ఒక్క గుండుకి జరిగేది ఇది. మోటారు కొసన ఉన్న పినియన్ (చిన్న గేరు) బెవెల్ గేర్‌ని తిప్పుతుంది, అది స్పర్ గేర్‌ని, స్పర్ సెక్టర్ గేర్‌ని. మారుయి నిష్పత్తి సుమారు 18.7:1, అంటే మోటారు దగ్గర దగ్గర పందొమ్మిది చుట్లు తిరిగితే ఒక గుండు. సెకనుకి 15 గుళ్ళంటే మోటారు నిమిషానికి పదహారు వేల చుట్లు పైనే. సెక్టర్ గేర్‌కి చుట్టూ పళ్ళుండవు, ఒక భాగంలోనే ఉంటాయి. ఆ పళ్ళు పిస్టన్‌ని వెనక్కి లాగుతాయి, స్ప్రింగు ముడుచుకుంటుంది, పళ్ళు అయిపోగానే పిస్టన్ ముందుకి దూకి సిలిండర్‌లో గాలిని నెడుతుంది. సెక్టర్ మీదున్న చిన్న మొటిమ ట్యాపెట్ ప్లేటుని వెనక్కి లాగినప్పుడు దానికి తగిలించిన నాజిల్ (గాలి బయటికొచ్చే గొట్టం) తప్పుకుంటుంది, మ్యాగజైన్ నుంచి బీబీ పైకి వస్తుంది. ప్లేటు తన సొంత స్ప్రింగుతో ముందుకొచ్చి బీబీని రబ్బరులోకి తోస్తుంది. ఇదంతా పిస్టన్ వదలకముందే పూర్తవ్వాలి.

ఈ క్రమం అర్థమైతే రోగాలన్నీ అర్థమవుతాయి. సెకనుకి వచ్చే గుళ్ళ సంఖ్య పెంచాలని 11.1 వోల్టుల లైపో (లిథియం-పాలిమర్ బ్యాటరీ) పెడితే, పిస్టన్ పూర్తిగా ముందుకి చేరేలోపే సెక్టర్ మొదటి పన్ను వచ్చి తగులుతుంది. పిస్టన్ పళ్ళు గీరుకుపోతాయి. మోటారు తిరుగుతున్న శబ్దం ఉంటుంది, గుండు రాదు. నాజిల్ మళ్ళీ ముందుకి చేరకముందే గాలి వదిలితే ఖాళీ షాట్లు. ఇవి నాసిరకం గన్ అయినందువల్ల వచ్చేవి కావు, వేళ తప్పినందువల్ల వచ్చేవి.

ఏ మోడల్ గన్‌లో ఏ వెర్షన్ గేర్‌బాక్స్ ఉంటుందో ఆ లెక్క కూడా చెప్పేస్తాను. ఫామాస్‌ది 1. ఎం16, ఎంపీ5, జీ3లది 2. ఏకే, జీ36లది 3. పీఎస్‌జీ-1ది 4, ఉజిది 5, పీ90, థాంప్సన్‌లది 6, ఎం14ది 7. హాంకాంగ్‌లో క్లాసిక్ ఆర్మీ, తైవాన్‌లో జీ అండ్ జీ, ఐసీఎస్ లాంటివాళ్ళు రంగంలోకి దిగినప్పుడు కొత్త కొలతలు కనిపెట్టకుండా ఈ వెర్షన్లనే పట్టుకున్నారు. జపాన్‌లో బయట లోహం పెట్టడానికి ఉన్న ఇబ్బంది వాళ్ళకి లేదు, అందుకని బాడీ అల్యూమినియంది చేసి, లోపల మారుయి కొలతలే ఉంచారు. 2000ల మధ్యకి చైనా సైమా, జింగ్ గాంగ్ అదే నమూనాని చాలా తక్కువ ధరకి ఇచ్చాయి. ఆట ప్రపంచమంతా పాకింది గన్ అందంగా ఉన్నందుకు కాదు. టోక్యోలో కొన్న గన్‌కి టెక్సస్‌లో పిస్టన్ దొరుకుతుంది, అదీ సంగతి. మీరడిగిన "మారుయికి సరిపోతుంది" వెనకున్నది ఇదే.

ఇక మీ ఎంపీ5ఏ4. స్టాకు (భుజానికి ఆనించే వెనక భాగం) గట్టిగా బిగించి ఉండే రకం, పెద్ద బ్యాటరీ అందులోకే వెళ్తుంది. చూడాల్సినవి:

పెద్ద టామియా కనెక్టరున్న 8.4 వోల్టుల నికెల్-మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ చార్జ్ చేసి తీసుకెళ్ళండి. ముందు మ్యాగజైన్ లేకుండా, సెమీలో (ట్రిగ్గర్ ఒక్కసారి నొక్కితే ఒక్క షాట్ వచ్చే సెట్టింగ్) ఒక్కో షాట్ వదలండి. ప్రతిసారీ "టక్" అని ఒకే శబ్దం రావాలి. మోటారు ఒక్కసారి మూలిగి ఆగిపోతే లోపల గ్రీజు గడ్డకట్టి ఉంటుంది, అది చావుదెబ్బ కాదు. కీచుమని సన్నటి అరుపు వస్తే పినియన్, బెవెల్ సరిగ్గా కలవడం లేదు. పిస్టల్ గ్రిప్ అడుగున మోటారు ఎత్తు సరిచేసే స్క్రూ ఉంటుంది, పావు చుట్టు చొప్పున తిప్పి వింటే చాలా వరకు పోతుంది. గరగరమని లోహం నలిగే శబ్దమైతే మాత్రం గేరు పన్ను విరిగినట్టే, ధర తగ్గించమని అడగండి.

నాజిల్ పరీక్షకి బారెల్ తీయాలి కాబట్టి అమ్మేవాళ్ళ దగ్గర కుదరదు. క్రోనోగ్రాఫ్ (బీబీ వేగం కొలిచే పరికరం) ఉంటే 0.20 గ్రాముల బీబీతో పది షాట్లు కొలవండి. ఎవరూ ముట్టుకోని మారుయి సుమారు 280 నుంచి 300 ఎఫ్‌పీఎస్ (సెకనుకి అడుగులు) మధ్య ఉంటుంది. అంతకంటే చాలా తక్కువైతే గాలి కారుతోంది. పిస్టన్ తల మీది ఓ-రింగు ఎండిపోయి ఉంటుంది, లేదా హాప్ రబ్బరు. షాట్‌కీ షాట్‌కీ తేడా 15 దాటినా అవే కారణాలు.

కొన్నాక ముందు మార్చాల్సింది హాప్ రబ్బరు. ముప్పై ఏళ్ళ రబ్బరు గట్టిపడిపోతుంది, ఎంత తిప్పినా బీబీ సూటిగా పోదు. ఆ తర్వాతే గేర్‌బాక్స్.

విప్పేటప్పుడు: బ్యాటరీ తీయండి, మ్యాగజైన్ తీయండి, బారెల్‌లో బీబీ లేదని చూడండి. మోటారు బయటికి తీశాక, యాంటీ-రివర్సల్ లాచ్‌ని (గేర్లు వెనక్కి తిరగకుండా ఆపే కొక్కెం) సన్నటి స్క్రూడ్రైవర్‌తో నొక్కితే గేర్లు వెనక్కి తిరిగి స్ప్రింగు వదులవుతుంది. ఇది మర్చిపోతే మూత తీయగానే స్ప్రింగు గైడు మొహం మీదికి ఎగురుతుంది, అందుకే కళ్ళజోడు పెట్టుకునే విప్పాలి. షెల్ (గేర్‌బాక్స్ బయటి డబ్బా) స్క్రూల్లో టోర్క్స్ టీ10 రకం (నక్షత్రం ఆకారపు గాడివి) ఉంటాయి, ప్లస్ డ్రైవర్‌తో బలవంతం చేస్తే తల అరిగిపోతుంది. మూత ఎత్తేటప్పుడు వెనక రంధ్రంలోంచి పొడవాటి స్క్రూడ్రైవర్ స్ప్రింగు గైడులోకి దూర్చి పట్టుకోండి. మూత తీసే ముందు ఒక ఫొటో, తీశాక ఒక ఫొటో.

పాత గ్రీజు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. గేర్లకి లిథియం గ్రీజు, సిలిండర్‌కి సిలికాన్ గ్రీజు, రెండూ పల్చగానే. ఎక్కువ పూస్తే సిలిండర్‌లోంచి నాజిల్ గుండా రబ్బరు మీదికి చేరుతుంది, అప్పుడు బీబీలు కుడి ఎడమలకి చెదురుతాయి. గేర్లు పక్కలకి కదిలే సందు 0.1 మి.మీ. ఉండాలి. 0.1, 0.2, 0.3 మి.మీ. షిమ్‌లు (పల్చటి వాషర్లు) కొని పెట్టుకోండి. షెల్ మూసి గేర్లని వేలితో తిప్పితే, వదిలాక కూడా కాస్త తిరుగుతూ ఉండాలి.

ఇంకా బలమైన స్ప్రింగు మాత్రం వేయకండి. వెర్షన్ 2 షెల్ ముందు భాగంలో, సిలిండర్ కిటికీ మూల దగ్గర పల్చగా ఉంటుంది. పిస్టన్ తల వచ్చి గుద్దే దెబ్బంతా అక్కడే పడుతుంది. ఎం120 స్ప్రింగు (ఎం పక్కన అంకె పెరిగేకొద్దీ బలం ఎక్కువ) పెట్టిన పాత మారుయి షెల్ ఆ మూలనుంచే పగులుతుంది. ఎం100 వరకు వెళ్ళాలనుకున్నా ముందు ఆ మూలని గుండ్రటి ఆకురాయితో రెండు మి.మీ. వంపు వచ్చేలా రుద్ది, సిలిండర్ తల మీద రబ్బరు ముక్క అతికించండి.

ఓరుగల్లు_కోట:

గేర్‌పెట్టె గారూ, 7.4 వోల్టుల లైపో అయితే పర్లేదంటారా? 8.4కి దగ్గరే కదా.

గేర్‌పెట్టె:

కంపెనీ పెట్టిన స్ప్రింగుతో గేర్లకి పర్లేదండీ. చిక్కు ట్రిగ్గర్ కాంటాక్టులతో. పాత మారుయిలో మోటారు కరెంటంతా ట్రిగ్గర్ కిందున్న రాగి రేకుల గుండానే పోతుంది. లైపో ఒక్కసారిగా ఎక్కువ కరెంటు ఇస్తుంది, రేకులు కలిసినప్పుడల్లా నిప్పురవ్వ లేచి నల్లబడతాయి. కొన్నాళ్ళకి సెమీలో నొక్కితే పలకదు. మాస్‌ఫెట్ (ఎలక్ట్రానిక్ స్విచ్) పెడితే ట్రిగ్గర్ మీద పోయేది సిగ్నల్ మాత్రమే, రేకులు బతుకుతాయి. సెల్‌కి 3.0 వోల్టుల కిందికి దించొద్దు, దాచేటప్పుడు 3.8 దగ్గర ఉంచండి. పొంగిన ప్యాక్‌ని స్టాకులోకి బలవంతంగా తోయొద్దు.

టోక్యో_తెలుగు:

పవర్ లెక్క వచ్చింది కాబట్టి చట్టం సంగతి కూడా. 2005లో జపాన్‌లో పవర్ పెంచిన గన్లతో రోడ్డు మీద కార్లని కాల్చిన ఘటనలు జరిగాయి. 2006 చట్ట సవరణతో 6 మి.మీ. బీబీకి 0.98 జౌల్ గీత గీశారు. 0.20 గ్రాముల బీబీకి అది సెకనుకి 99 మీటర్లు, అంటే 325 ఎఫ్‌పీఎస్. దాటిన గన్ దగ్గరుంటేనే నేరం, పాతవి కూడా. అప్పట్లో కొందరు గీత దాటే స్ప్రింగులు పెట్టుకుని ఉన్నారు. మీ గన్ జపాన్‌లోనే ఎవరైనా విప్పారా అన్నది తెలియాలంటే ఆ సంఖ్యే మంచి కొలబద్ద. 330 చూపిస్తే లోపల ఎవరిదో చెయ్యి పడింది.

మిగతా దేశాలు వేరే వేరే చోట గీసుకున్నాయి. హాంకాంగ్‌లో 2 జౌల్స్. బ్రిటన్‌లో అసలుదానిలా కనిపించే నకలు అమ్మకం 2007 అక్టోబరు నుంచి ఆగింది, ఆడేవాళ్ళకి మాత్రం మినహాయింపు ఉంది. ఆ మినహాయింపుకి వాడే ఆటగాళ్ళ జాబితా యూకేఏఆర్‌ఏలోకి ఎక్కాలంటే, 56 రోజులకి తక్కువ కాని వ్యవధిలో కనీసం మూడు ఆటలు ఆడి ఉండాలి. 2017లో ఆటోమేటిక్‌కి 1.3, సింగిల్ షాట్‌కి 2.5 జౌల్స్ అని చట్టంలోనే రాశారు. అమెరికా పవర్ జోలికి పెద్దగా పోలేదు, అమ్మకానికి పెట్టే బొమ్మకి బారెల్ కొసన కనీసం 6 మి.మీ. మెరిసే నారింజ రంగు ఉండాలంది. జపాన్‌లో కొన్నదానికి అది ఉండదు. పెట్టించుకోండి, ఆట స్థలం బయట ఎప్పుడూ మూసిన సంచిలోనే ఉంచండి. పోలీసుకి దూరం నుంచి తేడా తెలియదు.

గోదారిగట్టు:

చాలా థాంక్సండీ ఇద్దరికీ. ఇంకో రెండు సందేహాలు. హాప్ రబ్బరు మార్చాక సెట్టింగ్ ఎలా చేయాలి? తర్వాత ఎప్పుడైనా హైదరాబాద్ తీసుకురావచ్చా?

ఓరుగల్లు_కోట:

హైదరాబాద్ సంగతి నేను చెప్తాను. తేవద్దండీ. మన ఆయుధ నియమాలు, 2016 ప్రకారం గాలి తుపాకికి రెండు గీతలున్నాయి, 20 జౌల్స్, 4.5 మి.మీ. బోరు (బారెల్ లోపలి వ్యాసం). జౌల్స్‌లో ఎయిర్‌సాఫ్ట్ ఆ దరిదాపుల్లో ఉండదు. బోరు మాత్రం 6 మి.మీ., అంటే దాటినట్టే. పైగా చూడ్డానికి అచ్చం అసలు ఎంపీ5. సామాన్లలో పెట్టుకుని శంషాబాద్‌లో దిగితే కస్టమ్స్ వాళ్ళకి సర్దిచెప్పే అవకాశం మీకు ఉండదు. "బొమ్మ" అని రాసి పార్సిల్ చేయడం ఇంకా ప్రమాదం. అంతగా కావాలంటే ముందు పోలీసు లైసెన్సింగ్ విభాగాన్నీ, విదేశీ వాణిజ్య శాఖనీ అడిగి, రాతపూర్వకంగా జవాబు తీసుకున్నాకే అడుగు వేయాలి.

గేర్‌పెట్టె:

హాప్ సంగతి. బారెల్ మొదట్లో పైనుంచి రబ్బరు బొడిపె కిందికి దిగి బీబీ నెత్తిని రాస్తుంది. దాంతో బీబీ వెనక్కి గిరగిరా తిరుగుతూ పోతుంది, ఆ తిరుగుడు గాల్లో దాన్ని పైకి ఎత్తి పట్టుకుంటుంది. మ్యాగ్నస్ ప్రభావం అంటే ఇదే. ఒక జౌల్ లోపు గన్ 40 మీటర్లు దాటి వేయగలిగేది దీనివల్లే. హాప్ లేకపోతే అందులో సగం దగ్గరే బీబీ నేల వాలుతుంది.

కొత్త రబ్బరు వేశాక బారెల్‌ని పొడిగుడ్డతో తుడవండి, నూనె చుక్క కూడా ఉండకూడదు. సెట్టింగ్ సున్నా దగ్గర మొదలుపెట్టండి. 0.20 వద్దు, 0.25 గ్రాముల బీబీ వాడండి, గాలికి తక్కువ కొట్టుకుపోతుంది. 35 మీటర్ల దూరంలో ఛాతీ ఎత్తున గుర్తు పెట్టి, ఒక్కో మెట్టు తిప్పి ఐదేసి షాట్లు. త్వరగా కిందికి వాలుతుంటే హాప్ తక్కువ. బల్లపరుపుగా వెళ్ళి చివర్లో పైకి లేస్తుంటే ఎక్కువ. చివరిదాకా సమంగా వెళ్ళి, వేగం తగ్గాక మెల్లగా దిగితే సరి. అదేపనిగా కుడికో ఎడమకో తిరుగుతుంటే రబ్బరు వంకరగా కూర్చుంది. మళ్ళీ విప్పి, రబ్బరు లోపలి గీతని బారెల్ గాడిలో సరిగ్గా దించండి. బరువైన బీబీకి మారినప్పుడల్లా హాప్ కొద్దిగా పెంచాలి.

బీబీలు 5.95 మి.మీ. ఉన్నవే కొనండి. మారుయి బారెల్ లోపలి వ్యాసం 6.08. ఆ సందులో గాలి పొర మీద బీబీ జారుతుంది. అచ్చు అతుకు గీత తగిలే నాసిరకం బీబీలు, నేలమీద ఏరినవి వాడితే గన్ బాగున్నా గురి కుదరదు, రబ్బరు కూడా చిరుగుతుంది. 6.01 టైట్ బారెల్ మీద ఇప్పుడే డబ్బు పెట్టకండి, ఆ డబ్బు కళ్ళజోడు మీద పెట్టండి. ఏఎన్‌ఎస్‌ఐ జడ్87.1 (కళ్ళ రక్షణకి అమెరికా ప్రమాణం) ముద్ర ఉండి, చుట్టూ మూసుకునే రకం. జాలీ కళ్ళజోడుకి ఆవిరి పట్టదన్నది నిజమే గానీ, బీబీ పగిలితే ముక్కలు ఆ రంధ్రాల్లోంచి లోపలికి వస్తాయి. ఆవిరి సమస్యైతే రెండు పొరల లెన్సు తీసుకోండి.

ఇంటికి వెళ్ళేముందు హాప్ మళ్ళీ సున్నాకి తిప్పండి, లేకపోతే బొడిపె అదే ఆకారంలో నొక్కుకుపోతుంది. మ్యాగజైన్ తీసి, నేలవైపు సెమీలో ఒక్క షాట్ వదిలి, అప్పుడు బ్యాటరీ కనెక్టరు ఊడదీయండి. ఆటోమేటిక్ సెట్టింగ్‌లో కాల్చి ఆపితే పిస్టన్ సగంలో ఆగి స్ప్రింగు ముడుచుకునే ఉండొచ్చు. అలా నెలల తరబడి పెట్టెలో ఉంటే స్ప్రింగు బలం తగ్గుతుంది. మీరు కొనబోయే గన్ 280 కంటే కాస్త తక్కువ చూపించి, మిగతావన్నీ బాగుంటే ముందు అదే అనుమానించండి. ఎం90 స్ప్రింగు వేస్తే సరిపోతుంది.